52 లోంచి 27 తీసేస్తే 35 అన్న పిల్లాడు

తొమ్మిదో తరగతిలో మొన్న ఒకడికి 52 లోంచి 27 తీసెయ్యమంటే 35 వేశాడు. నవ్వకండి. సరే చూద్దామని 81 లోంచి 36 తీసెయ్యమన్నా. 55 అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. 2 లోంచి 7 పోదు కదా, అందుకని వీడు తిరగేసి 7 లోంచి 2 తీసేస్తున్నాడు. ప్రతిసారీ అంతే. వాడిది తప్పు పద్ధతే గానీ పద్ధతంటూ ఉంది, దాన్ని మూడో తరగతి నుంచీ ఎంతో నిష్ఠగా పాటిస్తున్నాడు. అది కనిపెట్టడానికి మాకు ఆరేళ్ళు పట్టింది!

నా క్లాసులో 46 మంది. పీరియడ్ నలభై ఐదు నిమిషాలు. సిలబస్ బహుపదుల దగ్గరుంది. ఒక్కొక్కడి నోట్సు తిరగేసి ఎవడి బండి ఏ తరగతిలో ఆగిపోయిందో చూసే తీరిక ఎక్కడిది?

ఇదిగో, సరిగ్గా ఈ పని కంప్యూటర్‌కి చేతనవుతుంది. వరసగా నాలుగు లెక్కలిస్తే చాలు, వీడు ఎక్కడ తిరగేస్తున్నాడో పట్టేస్తుంది. విసుక్కోదు, పక్కవాడి ముందు పరువు తియ్యదు. కానీ మనం దానిచేత చేయించేది ఏమిటి? టీవీ పని!

మన దేశంలో బడికి కంప్యూటర్ కొత్తేం కాదు. 1984లోనే క్లాస్ అనే ప్రాజెక్టు కింద బీబీసీ మైక్రోలనే చిన్న కంప్యూటర్లు తెప్పించారు. నేను ఇంతకుముందు చేసిన బడిలో పదకొండు కంప్యూటర్లుండేవి, వాటికి దుప్పట్లు కప్పి గదికి తాళం వేసేవారు. నేర్పే కుర్రాడి కాంట్రాక్టు అయిపోయింది, తాళంచెవి మాత్రం హెడ్మాస్టరు గారి బీరువాలో భద్రంగా ఉండేది. ఎలుకలు వైర్లు కొరికాక గానీ ఆ తలుపు తెరవలేదు.

తర్వాత ట్యాబ్‌లొచ్చాయి. 2022 డిసెంబర్‌లో ఆంధ్రలో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి ఐదు లక్షలకు పైగా ఇచ్చారు. ఆహా అన్నవాళ్ళు కొందరు, దండగన్నవాళ్ళు కొందరు. పార్టీల గొడవ నాకొద్దు. నా అనుమానం ఒక్కటే. మూడో తరగతి లెక్క దగ్గర ఆగిపోయినవాడికి ఎనిమిదో తరగతి పాఠం రంగురంగుల బొమ్మలతో చూపిస్తే ఏం ఒరుగుతుంది? బోర్డు మీద అర్థం కానిది తెర మీదా అర్థం కాదు, కాకపోతే చూడ్డానికి బాగుంటుంది.

2015లో ఢిల్లీలో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ వాళ్ళు ఒక ప్రయోగం చేశారు. ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలు, బడి అయ్యాక వెళ్ళే సెంటర్లు, మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్. ముందు పరీక్ష పెట్టి చూస్తే తొమ్మిదో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున నాలుగున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. ఏ పిల్ల ఎక్కడుంటే ఆ సాఫ్ట్‌వేర్ అక్కణ్ణుంచే మొదలుపెట్టింది. నాలుగున్నర నెలల్లో లెక్కలూ హిందీ రెండూ బాగా మెరుగుపడ్డాయి. ఇంకో సంగతి కూడా చెప్పాలి, దీన్ని చాలామంది మింగేస్తారు. రోజూ తొంభై నిమిషాల్లో సగమే కంప్యూటర్. మిగతా సగం చిన్న గుంపుగా కూర్చోబెట్టి మనిషే చెప్పాడు.

అందుకే పెళ్ళిళ్ళలో కనిపించి "ఏఐ వచ్చేసిందిగా మాస్టారూ, ఇంక మీతో పనేముంది" అనే బావమరుదులంటే నాకు కోపం రాదు, జాలేస్తుంది. ఏ క్లాసు దగ్గర ఆగాడో యంత్రం చెబుతుంది, ఒప్పుకుంటా. కానీ అది చూశాక సిలబస్ పక్కన పెట్టి వెనక్కి వెళ్ళే వీలు నాకుండాలిగా? తనిఖీకి వచ్చినాయన అడిగేది ఎన్ని చాప్టర్లయ్యాయనే.

ఆ పిల్లాణ్ణి మధ్యాహ్నం అన్నం తిన్నాక స్టాఫ్ రూమ్‌కి పిలిచా. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి, అయిదు కట్టలూ రెండు పుల్లలూ చేతిలో పెట్టి ఇరవై ఏడు ఇమ్మన్నా. రెండు కట్టలిచ్చాడు. రెండు పుల్లలిచ్చాడు. ఇంకా అయిదు కావాలన్నా. కాసేపు చూసి, "రబ్బరు బ్యాండు తీసెయ్యొచ్చా సార్?" అన్నాడు.