జగద్దల్‌ మీద బిమల్ ప్రేమ

బెంగాలీ దర్శకుడు రిత్విక్ ఘటక్ పేరు చెప్పగానే దేశ విభజన గుర్తొస్తుంది, ఆయన సినిమా ‘మేఘే ఢాకా తారా’ గుర్తొస్తుంది. అది న్యాయమే. 1925 నవంబరు 4న ఢాకాలో పుట్టి, పుట్టిన నేల పరాయి దేశమైపోవడం చూసిన మనిషి ఆయన. ఆ గాయం ఆయన సినిమాలన్నిటా ఉంటుంది. ఘటక్ పుట్టి నూరేళ్లు నిండిన సందర్భంలో మేం మాత్రం ఆయన తీసిన వింత ప్రేమకథ ‘అజాంత్రిక్’ గురించి మాట్లాడదలిచాం. 1958లో వచ్చిన ఈ బెంగాలీ సినిమాలో ప్రేమికుడు ఒక టాక్సీ డ్రైవర్. ప్రేమ పొందేది అతని కారు.

ఆ కారు 1920 నాటి షెవర్లే. ఛోటానాగపూర్ కొండ దారుల్లో డొక్కుడొక్కుగా తిరుగుతుంటుంది. ఎక్కినవాళ్లు దిగేదాకా దేవుణ్ణి తలుచుకుంటూనే ఉంటారు. డ్రైవర్ బిమల్‌కు వెనకా ముందూ ఎవరూ లేరు. కారుకు జగద్దల్ అని పేరు పెట్టుకున్నాడు. దానితో మాట్లాడతాడు, బతిమాలతాడు, అలుగుతాడు. ముస్తాబై ఫొటోగ్రాఫర్‌ను పిలిపించి దాని పక్కన నిలబడి ఫొటో కూడా దిగుతాడు. స్టాండులో తోటి డ్రైవర్లు కొత్త బండ్లు నడుపుతూ అతన్ని ఆటపట్టిస్తుంటారు. బిమల్‌కు పిచ్చి పట్టిందని ఊరి తీర్మానం.

ఘటక్ ఆ తీర్మానాన్ని ఒప్పుకోలేదు. ఈ సినిమా గొప్పదనం అక్కడే ఉందని మా అభిప్రాయం. బిమల్ రేడియేటర్‌లో నీళ్లు పోస్తాడు. గటగటా తాగుతున్న చప్పుడు వస్తుంది, ఎండలో నడిచొచ్చిన మనిషి చెంబెత్తి తాగినట్టు. ఎవరూ ముట్టుకోకుండానే హెడ్‌లైట్లు అటూ ఇటూ తిరుగుతాయి. అవి కళ్లు. ఆ క్షణాల్లో కారు చేసే శబ్దాలు ఏ ఇంజనువీ కావు, అచ్చంగా ఈ సినిమాకోసమే పుట్టించినవి. బిమల్ ఊహించుకుంటున్నాడా, లేక జగద్దల్‌కు నిజంగానే ప్రాణం ఉందా? సినిమా తేల్చి చెప్పదు. బయట నిలబడి బిమల్‌ను చూసి నవ్వే వీలు మనకు ఇవ్వదు. అతని కళ్లతోనే కారును చూడాలి, అతని చెవులతోనే వినాలి. అధివాస్తవికత, అంటే కలనూ నిజాన్నీ కలిపేసి చూపించడం, అనగానే మనవాళ్లు అర్థంకాని సినిమా అని దూరం జరుగుతారు. ఇక్కడ మాత్రం ఒంటరి మనిషి మనసును దగ్గరగా చూపించడానికి దానంత సూటి దారి ఇంకొకటి లేదు.

మధ్యలో ఒక అమ్మాయి వస్తుంది. నమ్మినవాడితో ఇల్లు వదిలి వచ్చింది. వాడు నగలు పట్టుకుని ఉడాయించాడు. దిక్కులేక నిలబడిన ఆమెను బిమల్ స్టేషన్‌కు చేర్చి, టికెట్ కొనిచ్చి రైలెక్కిస్తాడు. మామూలు సినిమా అయితే అసలు ప్రేమకథ ఇక్కడ మొదలవ్వాలి. బిమల్ మనసు కదిలిందని మనకు తెలుస్తూనే ఉంటుంది. బిమల్‌గా వేసిన కాళీ బెనర్జీ నోటితో ఒక్క మాటా చెప్పకుండా ముఖంతోనే అది తెలియజేస్తారు. ఆ తర్వాత జగద్దల్ దారిలో మొరాయిస్తుంది. అసూయ అనుకుంటే అసూయ, ముసలితనం అనుకుంటే ముసలితనం. చూసేవాళ్ల ఇష్టం.

ఈ కథ సుబోధ్ ఘోష్‌ది. ఆయన హజారీబాగ్ ప్రాంతంలో పెరిగారు, బస్సు కండక్టర్‌గా కూడా పనిచేశారు. బండి మీద బతికేవాళ్ల సంగతి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కథకు ఘటక్ జోడించింది ఆ ప్రాంతపు ఆదివాసీలైన ఒరావులను. వాళ్ల పాటలు, డ్యాన్సులు, ఊరేగింపులు సినిమా అంతటా వస్తాయి. కథ ఆగిపోయిందని ఆ ఘట్టాలను విసుక్కునేవాళ్లున్నారు. మేం వాళ్లతో ఏకీభవించం. చెట్టుకూ, రాయికీ, కొండకూ ప్రాణం ఉందని నమ్మే జనం మధ్యన బిమల్ తిరుగుతున్నాడు. వాళ్ల లెక్కలో అతను పిచ్చివాడు కాడు. యంత్రం అంటే మనిషిని మింగే రాక్షసి అన్న భయం మన సాహిత్యంలో చాలాకాలం ఉంది. యంత్రయుగాన్ని మనసుతో కూడా కలుపుకోవాలని ఘటక్ వాదించారు. ఆ పని పిల్లలు, పల్లె జనం, ఆదివాసీలు సులువుగా చేయగలరని ఈ సినిమా గురించి ఆయనే రాశారు.

బిమల్ తన దగ్గరున్నదంతా ధారపోసి జగద్దల్‌కు కొత్త పార్టులు వేయిస్తాడు. పరీక్ష పెడుతున్నట్టు దానిలో బండరాళ్లు నింపుతాడు. కారు కూలబడుతుంది. చివరికి తుక్కు వ్యాపారి వచ్చి తూకం లెక్కన కొని, ముక్కలు చేయించి తీసుకుపోతాడు. బిమల్ చూస్తూ నిలబడతాడు. అప్పుడు హారన్ చప్పుడు వినిపిస్తుంది. ఊడిపోయిన హారన్ ఒక పసివాడి చేతికి దొరికింది, వాడు దాన్ని నొక్కి కేరింతలు కొడుతున్నాడు. కన్నీళ్లతోనే బిమల్ నవ్వుతాడు. ఆ నవ్వులో సినిమా ముగుస్తుంది.

ఇదంతా పాత సినిమా ముచ్చట, మనకెందుకు అని పాఠకులు అడగవచ్చు. 2023లో తమిళనాడులో రిటైరవుతున్న ఒక ప్రభుత్వ బస్సు డ్రైవర్ స్టీరింగ్‌కు ముద్దుపెట్టి, కిందకు దిగి బస్సును వాటేసుకుని ఏడ్చిన వీడియో చాలామంది చూసే ఉంటారు. ఆయుధపూజ నాడు మన ఆటో డ్రైవర్లు బండిని కడిగి, బొట్టుపెట్టి, పూలదండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేటప్పుడు వాళ్ల చేతులు ఎంత మెత్తగా కదులుతాయో గమనించండి. కూడుపెట్టే వస్తువు మీద గౌరవం అది అనుకుంటాం. అంతకంటే ఎక్కువేనని మా నమ్మకం. పదిహేనేళ్లు రోజూ పన్నెండు గంటలు ఒకే సీట్లో కూర్చున్న మనిషికి ఆ ఇంజను దగ్గు, ఆ గేరు బిగుసుకునే తీరు ఇంట్లోవాళ్ల అలవాట్లంత తెలుసు. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దవుతోంది. పొగ తగ్గాలి, రోడ్డు మీద ప్రాణాలు నిలవాలి, అందులో వాదనకు తావు లేదు. కానీ బండిని సాగనంపే రోజున దాని డ్రైవర్ కాసేపు దాని పక్కన నిలబడితే నవ్వకుండా ఉండగలిగే సమాజం కావాలి.

మన సినిమాల్లో ప్రేమ ఇప్పటికీ చాలావరకు పెళ్లి పీటల దగ్గరో శ్మశానంలోనో తేలుతుంది. బదులు రాని ప్రేమకు, పేరు పెట్టలేని ప్రేమకు, లోకం గుర్తించని ప్రేమకు తెరమీద చోటు తక్కువ. అలాంటి ప్రేమికుడు కనిపించినా కామెడీ ట్రాక్‌లోనే కనిపిస్తాడు. బిమల్ ఘటక్‌కు నవ్వులాట వస్తువు కాలేదు. సినిమా మొదట్లో పెళ్లికొడుకు, అతని మామ జగద్దల్‌లో ఎక్కి పడే అవస్థ చూసి మనం నవ్వుతాం. ఆ నవ్వు కాసేపటికే గొంతులో ఆగిపోతుంది. అదే దర్శకుడి నేర్పు.

‘అజాంత్రిక్’ ఆ రోజుల్లో థియేటర్ల దగ్గర ఆడలేదు. ఘటక్ మొదట తీసిన ‘నాగరిక్’ అయితే ఆయన బతికుండగా విడుదలే కాలేదు. 1976లో ఆయన పోయారు, 1977లో అది విడుదలైంది. బంగ్లాదేశ్‌లోని రాజ్‌షాహీలో ఆయన చిన్నతనం గడిచిన ఇంటిని 2024 ఆగస్టులో కూల్చేశారు. ఇక మనకు మిగిలినవి సినిమాలే. అవి ఫిలిం క్లబ్బుల మెంబర్లకూ, పుణె ఫిలిం ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులకూ మాత్రమే పరిమితమైతే నూరేళ్ల పండుగకు అర్థం లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల చలనచిత్ర అభివృద్ధి సంస్థలకు మా విజ్ఞప్తి ఒకటే. ‘అజాంత్రిక్’కు మంచి తెలుగు సబ్‌టైటిళ్లు రాయించండి. డబ్బింగ్ వద్దు, ఆ శబ్దాలు పాడవుతాయి. అలీ అక్బర్ ఖాన్ సంగీతాన్నీ జగద్దల్ గొంతునూ ఉన్నవి ఉన్నట్టే విననివ్వాలి. హైదరాబాద్, విజయవాడల్లో ఏసీ హాలు ప్రదర్శనతో ఆగిపోకుండా ఆర్టీసీ డిపోల్లో, ఆటో యూనియన్ల ఆఫీసుల్లో, లారీ యజమానుల సంఘాల దగ్గర వేయించండి. సినిమా రెండు గంటల లోపే. ఒక ప్రొజెక్టర్, ఒక తెల్లటి గోడ, డ్యూటీ దిగిన యాభై మంది డ్రైవర్లు చాలు. సినిమా అయ్యాక వక్తల ప్రసంగాలు పెట్టకండి, మైకు ఆ డ్రైవర్లకే ఇవ్వండి. వాళ్లు చెప్పేది అచ్చు వేయడానికి మా పేజీలు సిద్ధం.