ప్రాణాలు పోయాకే కంచెలా?

1903 మే 24న తెల్లవారుజామునే పారిస్ చెంతనున్న వెర్సాయ్ నుంచి మాడ్రిడ్‌కు కార్ల పందెం మొదలైంది. రెండు వందలకు పైగా వాహనాలు ఒకదాని వెంట ఒకటి బయల్దేరాయి. పందెం నడిచింది మామూలు రోడ్డు మీదే. అటూ ఇటూ లక్షల జనం. ముందు వెళ్లిన బండి రేపిన దుమ్ము అణగకముందే వెనకది దూసుకొచ్చేది. గంటకు వంద కిలోమీటర్లు దాటే ఆ కార్లకు ముందు చక్రాల బ్రేకులు లేవు, డ్రైవరుకు సీటు బెల్టు లేదు. రెనో సంస్థ స్థాపకుల్లో ఒకరైన మార్సెల్ రెనో ఆ దుమ్ములోనే మరో కారును దాటబోయి అదుపు తప్పారు. రెండు రోజులకు కన్నుమూశారు. మరో డ్రైవరు లొరేన్ బారో కారు చెట్టును ఢీకొంటే ఆయన మెకానిక్ అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. చూడవచ్చినవారూ చనిపోయారు. ఫ్రాన్స్ ప్రభుత్వం పందేన్ని బోర్డో దగ్గరే ఆపేసింది. మళ్లీ ఇంజిన్లు వేయనివ్వకుండా, కార్లను గుర్రాలతో లాగించి రైల్వేస్టేషనుకు చేర్పించింది.

ఇలాంటి చావులను డ్రైవర్ల తెగువ ఖాతాలో వేసేయడం నాటి నుంచీ అలవాటే. ప్రమాదమని తెలిసే దిగారు కదా అన్న వాదనను మేము ఒప్పుకోము. డ్రైవరు తెలిసే దిగాడనుకున్నా, పక్క సీట్లో కూర్చున్న మెకానిక్ సంగతేమిటి? ఇంజిన్‌కు నూనె అందిస్తూ, టైర్లను కనిపెట్టుకుంటూ పనిచేసుకునే మనిషి అతడు. దారి పక్కన నిలబడ్డవారికి ఆ వేగం ఎంతటిదో అసలు తెలియదు. ఎక్కడ నిలబడాలో వారికి చెప్పాల్సినవారు, నిలబడనివ్వకూడని చోట అడ్డుకోవాల్సినవారు నిర్వాహకులు.

అప్పట్లో నిబంధనలు లేవని కాదు. పెద్ద కార్ల బరువు వెయ్యి కిలోలు దాటరాదన్న నియమం ఉంది. తయారీదారులు ఇంజిన్ బలం తగ్గించలేదు. చట్రానికి వరసగా రంధ్రాలు తొలిచి బరువు సరిపెట్టారు. వేగానికి కళ్లెం వేయాల్సిన నియమం బండిని బలహీనపరిచి వదిలింది. తూకం సరిపోతే చాలనుకునే తనిఖీ ఎవరినీ కాపాడదు.

అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో 1909 ఆగస్టులో కంకర, తారుతో వేసిన కొత్త ట్రాకు పందేల తాకిడికి లేచిపోయింది. అయిదుగురు మరణించారు. ఆ తర్వాతే, ఆ ఏడాది ముగిసేలోగా, 32 లక్షల ఇటుకలు పరిచారు. డబ్బు, కూలీలు, ఇటుకలు అన్నీ దొరికాయంటే, ముందే దొరకనిది శ్రద్ధ ఒక్కటే.

ఈ ధోరణి దశాబ్దాల పాటు మారలేదు. 1966లో బెల్జియంలోని స్పా ట్రాకుపై పందెం డ్రైవరు జాకీ స్టీవర్ట్ నుజ్జయిన కారులో, కారుతున్న పెట్రోలులో తడుస్తూ దాదాపు 25 నిమిషాలు ఇరుక్కుపోయారు. స్టీరింగ్ విప్పడానికి సాటి డ్రైవర్లు ఒక ప్రేక్షకుడి దగ్గర పానా అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది! ఆ తర్వాత ఆయన వైద్యులు, రక్షణ కంచెలు, సీటు బెల్టుల కోసం పట్టుబడితే ఆటలో మజా పోతుందని వెక్కిరించినవారున్నారు. డ్రైవరు తల చుట్టూ రక్షణగా నిలిచే హేలో అనే చట్రాన్ని 2018లో ఫార్ములా వన్‌ కార్ల పందేల్లో తప్పనిసరి చేసినప్పుడూ అందం చెడిందన్నారు. రెండేళ్లకు బహ్రెయిన్‌లో అదే హేలో తలను కాపాడగా డ్రైవరు రోమాన్ గ్రోజాన్ మంటల్లోంచి ప్రాణాలతో బయటపడ్డారు.

మన హైదరాబాద్‌లోనూ 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ తీరాన విద్యుత్ కార్ల పందెం ఫార్ములా-ఈ జరిగింది. నగర వీధుల్లో పందేలను మేము వ్యతిరేకించడం లేదు. అయితే అలాంటి పందెం మళ్లీ ఎక్కడ పెట్టినా, ప్రేక్షకులు నిలబడే చోట్లు ఏవి, వైద్యుడు ఎన్ని నిమిషాల్లో చేరగలడు, ట్రాకును ఎవరు పరీక్షించారు అన్న వివరాలను టికెట్లు అమ్మకముందే ప్రజల ముందుంచాలి. పందేన్ని మధ్యలో ఆపే అధికారం కూడా టికెట్ల ఆదాయంతో సంబంధం లేనివారి చేతిలోనే ఉండాలి.