బాల్‌రూమ్ అంటే పెద్ద క్లబ్బులేనా? లాలాగూడ సంగతి ఎవరు చెప్పాలి?

2022 జనవరిలో, సరిగ్గా పండగ రోజుల్లో, సికింద్రాబాద్ క్లబ్ పాత భవనం కాలిపోయింది. 1878 నాటి క్లబ్బు మరి, ఎవరికైనా బాధే. కానీ నాకు తెలిసినవాళ్లు కొందరు అప్పుడు ఎత్తుకున్న పాట ఇప్పటికీ ఆపట్లేదు. మన జంటనగరాల బాల్‌రూమ్ డ్యాన్సు, అంటే హాల్లో జంటలు జంటలుగా ఆడే పాశ్చాత్య డ్యాన్సు, దాని చరిత్ర ఆ మంటల్లోనే పోయిందట! ఈ మాట అనేవాళ్లలో ఆ గేటు దాటి లోపలికి వెళ్లినవాళ్లెంతమంది? నేనూ వెళ్లలేదు లెండి, మనల్నెవరు రానిస్తారు.

దొరల వాటాను నేను కాదనట్లేదు. 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలిసింది. తెల్లదొరల పటాలం వెంట బ్యాండు, బ్యాండు వెంట వాల్ట్జూ, తర్వాత ఫాక్స్‌ట్రాటూ అనే జంట డ్యాన్సులు వచ్చాయి. అంతవరకూ సరే. కానీ ఆ డ్యాన్సును తరాల తరబడి ఇంటి పండగలా చేసుకున్నది మాత్రం రైలుబండి మనుషులు.

1874లో వాడి అనే ఊరి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు వచ్చింది. 1893లో సికింద్రాబాద్ పక్కనే లాలాగూడలో రైల్వే వర్క్‌షాప్ మొదలైంది. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లలో ఆంగ్లో ఇండియన్లు, అంటే యూరప్, భారత మూలాలు రెండూ ఉన్నవాళ్లు, చాలామంది. వారమంతా బొగ్గు మసి, శనివారం రాత్రి మాత్రం ఇస్త్రీ సూటు, పాలిష్ బూట్లు. హాల్లో నేల మీద బోరిక్ పౌడర్ చల్లేవాళ్లు, మనం క్యారమ్ బోర్డు మీద వేసేదే, బూటు జారాలని. ముందు హౌసీ, అదే మన తంబోలా, ఆ తర్వాత బ్యాండు. అత్తగారు, కోడలు, పదేళ్ల పిల్లాడు, అందరూ అదే నేల మీద. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా ఇక చెప్పక్కర్లేదు.

మా నాన్నదీ రైల్వే ఉద్యోగమే. పక్క క్వార్టర్ ఆంటీ నాకు వాల్ట్జ్ నేర్పింది వాళ్ల వరండాలో. మొదటి దెబ్బకు దిగాలి, రెండు, మూడుకు మడమలెత్తి పైకి లేవాలి. తకిట, తకిట. తిశ్ర గతి మనకు తెలియనిదా? నాన్న తొంగి చూసి "ఏందిరా, నడుసుడు గూడ నేర్పిచ్చుకుంటున్నవా?" అని నవ్వి పోయేవాడు.

మన సినిమాలు ఇంకో అన్యాయం చేశాయి. పాత తెలుగు సినిమాల్లో క్లబ్బులో డ్యాన్సంటే విలన్ డెన్, చేతిలో గ్లాసు, పొగ. దాంతో మన ఇళ్లలో అదేదో చెడిపోయినవాళ్ల వ్యవహారం అయిపోయింది. అవతల కాలనీలో అదే శనివారం ఒక తాత తన మనవరాలికి ఫాక్స్‌ట్రాట్ అడుగులు చూపిస్తుండేవాడు.

మరి ఇదంతా ఎందుకు పలచబడింది? టీవీ వల్ల, జనాల అభిరుచి మారడం వల్ల అంటారు. నేనొప్పుకోను. రాజ్యాంగంలో 336వ అధికరణం చూడండి. రైల్వే, కస్టమ్స్, తపాలా, తంతి ఉద్యోగాల్లో ఆంగ్లో ఇండియన్ల కోటా మొదటి రెండేళ్ల తర్వాత, ప్రతి రెండేళ్లకూ 10 శాతం చొప్పున తగ్గి, పదేళ్లకు, అంటే 1960కి, పూర్తిగా పోవాలని అందులోనే ఉంది. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. ఉద్యోగం మీద భరోసా తగ్గాక ఇళ్లకిళ్లే ఆస్ట్రేలియాకు, ఇంగ్లండుకు కదిలాయి. ట్రంపెట్ వాయించేవాడు పెర్త్‌లో, డ్రమ్మర్ లండన్‌లో ఉంటే ఇక్కడ బ్యాండెక్కడిది? 2020లో చట్టసభల్లో వాళ్ల నామినేటెడ్ సీట్లూ పోయాయి. ఆ వార్తను మనలో ఎంతమంది చదివారు?

ఇప్పుడు సంగీత్ కోసం వారం రోజుల్లో వాల్ట్జ్ నేర్పేస్తున్నారు. నేర్చుకోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ వాల్ట్జంటే జంటలన్నీ హాలు చుట్టూ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతూ, ఒకరినొకరు గుద్దుకోకుండా సాగే ప్రయాణం. స్టేజీ మధ్యలో పొగ మిషన్ పెట్టుకుని, కెమెరా వైపు చూస్తూ ఉన్నచోటే ఊగడాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

హెరిటేజ్ వాక్‌లు నడిపే అన్నలకూ అక్కలకూ ఒక్క విన్నపం. చార్మినార్, ఫలక్‌నుమా అయ్యాక ఒక ఆదివారం లాలాగూడ పక్కనున్న మెట్టుగూడ వైపు రండి. ఎనభై దాటిన ఆంటీలు, అంకుల్స్ ఇంకా ఉన్నారు. ఏ హాల్లో ఏ బ్యాండు వాయించేది, ఎవరు ఎవరితో ఆడేవారు, అన్నీ చెప్తారు, రాసుకోండి. చాయ్, ఉస్మానియా బిస్కెట్ ఖర్చు నాది.