మనకీ ఉండాలోయ్!

ఇంగ్లండ్‌లోని సర్రేలో పోల్స్‌డెన్ లేసీ అనే పాతకాలం మేడ చూసి ఇంటికి బయల్దేరాం. డ్రైవింగ్ నాది. వెనక సీట్లో అత్తయ్య, మామయ్య. అల్లుణ్ని కాబట్టి నవ్వడానికి వీల్లేదు.

అత్తయ్య: అయితే మనింట్లోనూ ఉండాలంటారు.

మామయ్య: ఉంటే ఎంత హాయి!

అత్తయ్య: షష్టిపూర్తయ్యాక గుర్తొచ్చిందా హాయి?

మామయ్య: అప్పట్లో మనకంత స్తోమత ఎక్కడిది?

అత్తయ్య: ఓహో! స్తోమతుంటే పెళ్లయిన మర్నాడే గోడ కట్టించేవారన్నమాట.

మామయ్య: కట్టడమేమిటే? ఉన్న గోడకే తగిలిస్తారు.

అత్తయ్య: ఏమిటి, నా ఫోటోనా? దండేసి?

మామయ్య: ఛ, అవేం మాటలు! ఆ మేడ యజమానురాలు మిసెస్ గ్రెవిల్ చక్కగా వాడుకోలేదూ?

అత్తయ్య: ఆవిడ మొగుడు 1908లోనే పోయాడు. 1942లో తను పోయేదాకా ఒక్కతే పడుకుందంటే అర్థముంది. నా మొగుడు గుండ్రాయిలా ఉన్నాడే!

మామయ్య: పడుకోవడం గురించి ఎవరన్నారు?

అత్తయ్య: మీరే! ఆ కాలం దొరల ఇళ్లలో భార్యకో గది, భర్తకో గది అని గైడు అన్నాడో లేదో, "మనకీ ఉండాలోయ్" అన్నారు. నువ్వూ విన్నావుగా బాబూ?

నేను: సిగ్నల్ పడింది అత్తయ్యా.

మామయ్య: ఆరో జార్జి రాజు కాకముందు, 1923లో, హనీమూన్‌కి ఆ మేడకే వచ్చాడు. ఆయన మాత్రం వాడుకోకుండా ఉన్నాడంటావా?

అత్తయ్య: హనీమూన్‌లో కూడానా! మనతో తిరుపతికి మీ అమ్మగారూ, ఇద్దరు ఆడపడుచులూ వచ్చారు. అప్పుడు తీయాల్సింది వేరే గది!

మామయ్య: గది కాదే నా తల్లీ, బెల్లు! మంచం దగ్గర నొక్కితే కింద పనివాళ్ల దగ్గర మోగుతుంది. ఏ గదో తెలిసిపోతుంది. టీ వచ్చేస్తుంది.

అద్దంలో చూశాను. బెల్లు సంగతి చెప్పకుండా ఉండాల్సింది మామయ్య.

అత్తయ్య: మనింట్లో ఆ టీ తెచ్చేదెవరు?

మామయ్య: అది... మాటవరసకి...

అత్తయ్య: అతిథులు లేచేసరికి గది వెచ్చగా ఉండాలని, పనిపిల్లలు తెల్లారకముందే లేచి నిప్పు రాజేసేవారని కూడా చెప్పాడు గైడు. అది చెవికెక్కలేదేం?

మామయ్య: నాకెక్కింది బట్లర్ కథ. విందులో తాగి తూలుతుంటే, "నువ్వు తాగున్నావు, బయటికి పో" అని మిసెస్ గ్రెవిల్ చీటీ రాసిచ్చిందట. వాడు దాన్ని పళ్లెంలో పెట్టి, తిన్నగా వెళ్లి విందుకొచ్చిన పెద్ద రాజకీయ నాయకుడు ఆస్టిన్ చాంబర్లేన్‌కి అందించాడట!

అత్తయ్య: మీకిస్తే చదవడానికి నన్నే పిలుస్తారు, బెల్లు కొట్టి. కళ్లజోడేది?

మామయ్య: జేబులో... అయ్యో! అక్కడే...

అత్తయ్య: నా బ్యాగులో ఉంది. కుక్కల సమాధుల దగ్గర బెంచీ మీద వదిలేసి వచ్చారు. ఈ మోకాళ్లతో వెనక్కెళ్లి తెచ్చాను.

మామయ్య: పోనీ, రెండు బెల్లులు పెట్టిద్దాం. నువ్వు కొడితే నేనొస్తాను.

అత్తయ్య: కొట్టాననుకోండి. ఇంటికెళ్లగానే అల్లం దంచి టీ పెట్టండి. ముందు మీ షుగరు మాత్ర వేసుకోండి!