పోయొస్తానంటే పోయినట్టు కాదంట

కావలి కుర్రాడొకడు ఉద్యోగం మానేస్తున్నానని కంపెనీకి నిన్న పొద్దున ఇంగ్లీషులో రాశాడు. సాయంత్రానికి జవాబొచ్చింది: 'కొనసాగుతున్నందుకు సంతోషం.' ఉత్తరం దిద్దిపెట్టింది, గ్రామర్ నోటికొచ్చని వీధంతా చెప్పుకుతిరిగే మనలాంటి పండితులే.

మొదటి వాక్యం, 'ఫ్రమ్ మండే ఐ స్టాప్ టు వర్క్'. స్టాప్ తర్వాత 'టు' వస్తే ఆ పని కోసం ఆగడం, 'ఇంగ్' వస్తే ఆ పని మానడం. 'స్టాప్డ్ టు ఈట్' అంటే ఒంగోలు బైపాస్‌లో బండి ఆపి తిన్నాడని. 'స్టాప్డ్ ఈటింగ్' అంటే తిండే మానేశాడని. ఆ లెక్కన మనవాడు సోమవారం నుంచి పని చేయడానికే ఆగిపోతున్నాడు.

అక్కడితో పోయినా బాగుండేది. చివర్లో మర్యాదకని 'ఐ విల్ గో అండ్ కమ్' అని పెట్టాడు. మరేం చేస్తాడు? మన ఇళ్లల్లో 'పోతాను' అనే మాట నోట రాకూడదు. గూడూరు దాకా పోయినా 'పోయొస్తా' అనాల. పొరపాటున 'పోతా' అన్నామా, అవ్వ చేతిలో చెంబు పెట్టి, నీళ్లు తాగించి, కాసేపు కూర్చోబెట్టి, మళ్లీ సరిగ్గా చెప్పించుకుని గానీ గడప దాటనీదు. ఒక్క చావింట్లోనే 'పోయొస్తా' అనకూడదు, చెప్పకుండా లేచి రావాల. ఇట్టా చెప్పాపెట్టకుండా పోవడాన్ని ఇంగ్లీషువాళ్లు 'ఫ్రెంచ్ లీవ్' అంటారు. ఫ్రెంచివాళ్లేమో అది ఇంగ్లీషువాళ్ల పద్ధతంటారు. ఆ పేచీ వాళ్లూ వాళ్లూ తేల్చుకోనీ. మనవాడు మాత్రం రాజీనామాలో తిరిగొస్తానని మాటిచ్చేశాడు.

హెచ్చార్ వాళ్లు దాన్ని పట్టుకున్నారు. వాళ్ల ఆన్‌లైన్ ఫారంలో 'తిరిగొచ్చే తేదీ' అని ఎర్ర చుక్క గడి ఒకటి. అది నింపందే దరఖాస్తు కదలదు, దరఖాస్తు కదలందే రిలీవింగ్ లెటర్ లేదు. మనిషి గొంతు వినిపించే ఫోన్ నంబరు మాత్రం ఎక్కడా పెట్టరు.

'పుట్ డౌన్ మై పేపర్స్' అని రాయమన్నారు ఎవరో. అది మన దేశంలో చెల్లే మాట. బయటి దొర చదివితే ఏ కాగితాలు, ఎక్కడ పెట్టావని అడుగుతాడు. 'గివ్ అప్' అయితే వదులుకోవడం, బాగానే ఉంది. మనవాడు మధ్యలో 'మైసెల్ఫ్' ఇరికించాడు. అప్పుడది పోలీసులకి లొంగిపోవడం.

ఆఖరికి రెండే మాటలు: 'ఐ క్విట్'. తప్పు పట్టే సందే లేదు.

ఫారంలో కనీసం 50 అక్షరాలుండాలంట.