ఆ విరుగుడు మన పిల్లల గదిలోనూ ఉండాలి

"అమెరికా కాలేజీల్లో డ్రగ్స్‌కు విరుగుడు ఉచితంగా పంచుతున్నారు. అంటే వాడుకోమని చెప్పడమే. మన పిల్లలకు దానితో పని లేదు. దగ్గర పెట్టుకుంటే కేసవుతుంది, వీసా పోతుంది." అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మాట ఇది. మా అక్క కొడుకు అక్కడే ఎమ్మెస్ చేస్తున్నాడు కాబట్టి నాకూ వచ్చింది. ఇందులో మొదటి వాక్యం ఒక్కటే నిజం. కాలిఫోర్నియాలో 2023 నుంచి అందుకు చట్టమే ఉంది.

మందు పేరు నాలోక్సోన్. నార్కాన్ పేరుతో ముక్కులో కొట్టే స్ప్రేగా దొరుకుతుంది. హెరాయిన్, ఫెంటనిల్ వంటి నల్లమందు జాతి పదార్థాలు మోతాదు మించితే మనిషికి ఊపిరి ఆగిపోతుంది. నాలోక్సోన్ మెదడులో వాటిని పక్కకు నెట్టి తాను ఆ చోట కూర్చుంటుంది. సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో ఊపిరి మళ్లీ ఆడుతుంది.

ఇది వాడుకోమని చెప్పడం ఎలా అవుతుంది? దీనివల్ల మత్తు రాదు, ఉన్న మత్తు దిగిపోతుంది. అలవాటుపడ్డవారికైతే వాంతులు, వణుకు, ఒళ్లు నొప్పులు ఒక్కసారిగా మొదలవుతాయి. మసాచుసెట్స్‌లోని 19 ప్రాంతాలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం, ఈ మందు పంచి శిక్షణ ఇచ్చిన చోట ఓవర్‌డోస్ మరణాలు తగ్గాయని తేల్చింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది "మన పిల్లలకు పని లేదు" అన్న మాట. ఓవర్‌డోస్ అనగానే మన కళ్ల ముందు ఎవరో వ్యసనపరుడు కనిపిస్తాడు. పరీక్ష ముందు రాత్రి మేలుకోవడానికి స్నేహితుడి దగ్గర ఏకాగ్రత లోపానికి ఇచ్చే అడెరాల్ బిళ్ల ఒక్కటి తీసుకునే కుర్రాడు కనిపించడు. అడెరాల్, ఆందోళన తగ్గించే జానాక్స్ పేర్లతో చేతులు మారే నకిలీ బిళ్లల్లో ఫెంటనిల్ బయటపడుతోంది. రెండు మిల్లీగ్రాములు చాలు, ప్రాణం పోవచ్చు. అది పెన్సిల్ మొన మీద నిలిచేంత. 2023లో అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ పరీక్షించిన ఫెంటనిల్ నకిలీ బిళ్లల్లో ప్రతి పదింటిలో ఏడింట ప్రాణాంతకం కాగల మోతాదు ఉంది. మన పిల్లవాడు ఏదీ ముట్టడనే అనుకుందాం. పక్క మంచంమీది వాడి సంగతి? పెదవులు నీలంగా మారి, గొంతులో గురక లాంటి చప్పుడు వస్తుంటే గాఢనిద్ర అనుకుని దుప్పటి కప్పి వెళ్లిపోతే?

మా వాడు వీడియో కాల్‌లో ఆ స్ప్రే చూపించాడు. "పిన్నీ, సూది కూడా లేదు చూడు" అన్నాడు. అరచేతిలో పట్టేంత తెల్లటి ప్లాస్టిక్ పరికరం. కొనను ఒక ముక్కురంధ్రంలో పెట్టి బొటనవేలితో అడుగున నొక్కడమే. పొరపాటున నల్లమందు జాతి ఏదీ తీసుకోనివారికి కొట్టినా సాధారణంగా హాని ఉండదు. దీని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే కాబట్టి, మనిషి లేచి కూర్చున్నా అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోను చేసి తీరాలి.

ఇక కేసు భయం. 2023 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ స్ప్రేను డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించింది. జ్వరం బిళ్లలాగే దుకాణంలో కొనుక్కోవచ్చు. దగ్గర పెట్టుకోవడం నేరం కాదు. సాయానికి ఫోను చేసినవారిని కేసుల నుంచి కాపాడే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నా అన్నిచోట్లా ఒకేలా లేవు. తమ రాష్ట్రంలో ఏముందో పిల్లలు ముందే తెలుసుకోవడం మంచిది.

స్పృహ తప్పినవాడు దీన్ని తనకు తాను కొట్టుకోలేడు. అందుకే ఆ డబ్బా ఏ అరలో ఉందో గదిలోని మిగతా ముగ్గురికీ చూపించమని మా వాడికి చెప్పాను.