ఆఫ్రికా వార్తను మోస్తున్నది ఎవరు?

2021 ఫిబ్రవరి చివర్లో ఇథియోపియా ప్రభుత్వం కొన్ని అంతర్జాతీయ వార్తాసంస్థలను దేశ ఉత్తరాన ఉన్న టిగ్రాయ్‌లోకి అనుమతించింది. అక్కడ యుద్ధం మొదలై అప్పటికి దాదాపు నాలుగు నెలలు. అనుమతి దొరికిన వాటిలో ఫ్రెంచ్ వార్తాసంస్థ ఏఎఫ్‌పీ, బ్రిటన్ పత్రిక ఫైనాన్షియల్ టైమ్స్ ఉన్నాయి. ఆ సంస్థల కోసం అనువాదకులుగా పనిచేస్తున్న ఫిత్సుమ్ బెర్హానే, అలులా అకాలులను టిగ్రాయ్ రాజధాని మెకెల్లెలో అరెస్టు చేశారు. ఆ వెంటనే టిగ్రాయ్ భాష టిగ్రిన్యాలో వార్తలు అందించే బీబీసీ విభాగపు విలేకరి గిర్మయ్ గెబ్రునూ పట్టుకుపోయారు. కొద్ది రోజులకు ఏ అభియోగమూ మోపకుండానే వదిలేశారు. అనుమతి పత్రం సంస్థల చేతికి వచ్చింది, నిర్బంధం మాత్రం ఆ నేల భాష తెలిసినవాళ్లకు దక్కింది.

అదే నెలలో దేశ రాజధాని అడిస్ అబాబాలో, ఏ సంస్థలోనూ ఉద్యోగి కాకుండా విడిగా రాసే ఫ్రీలాన్స్ విలేకరి లూసీ కస్సా ఇంట్లోకి సాయుధులు చొరబడ్డారు. ఆమెను కింద పడేసి లాప్‌టాప్ ఎత్తుకుపోయారు. టిగ్రాయ్ స్త్రీలపై జరిగిన లైంగిక హింస గురించి ఆమె లాస్ ఏంజెలెస్ టైమ్స్‌కు రాస్తున్న రోజులవి. ఆమె చట్టప్రకారం నమోదైన జర్నలిస్టు కాదని ప్రభుత్వ పక్షం చెప్పింది. ఫ్రీలాన్సర్ పరిస్థితి ఇదే: సంస్థ కార్డు లేకపోతే, తనపై జరిగిన దాడి విలేకరిపై దాడిగా కూడా లెక్కకు రాదు. ఆ మే నెలలో న్యూయార్క్ టైమ్స్‌కు రాస్తున్న ఐరిష్ విలేకరి సైమన్ మార్క్స్‌ను ఇథియోపియా బయటికి పంపేసింది. అదీ అన్యాయమే. కానీ ఆయనకు తిరిగి వెళ్లడానికి స్వదేశం ఉంది. లూసీ కస్సా స్వదేశాన్నే వదిలి పోవలసి వచ్చింది.

బహుభాషా ఫ్రీలాన్సర్ పని అంటే రెండు భాషల మధ్య మాటలు మార్చడం అనుకుంటే పొరపాటు. తూర్పు కాంగోలో ఒక్క కథనానికి ఎన్ని భాషలు కావాలో చూడండి. బేని, బుటెంబో వైపు నిర్వాసితురాలు తన గోడు నాందేలో చెబుతుంది. బజారులో, గ్రామపెద్ద దగ్గర ఆ ప్రాంతపు స్వాహిలి నడుస్తుంది. చెక్‌పోస్టు దగ్గర సైనికుడితో లింగాలాలో మాట్లాడాలి. అధికారి ప్రకటన ఫ్రెంచ్‌లో ఉంటుంది. కథనం కొనే సంపాదకుడికి ఇంగ్లిష్ కావాలి. పైగా వీటిలో ఏ భాషా తటస్థం కాదు. రువాండా సరిహద్దు దగ్గర ఆ దేశపు భాష కిన్యార్వాండా మాట్లాడితే మీరు ఎవరి మనిషి అన్న అనుమానం మొదలవుతుంది. లింగాలా వినగానే సైన్యం గుర్తొచ్చే పల్లెలున్నాయి. ఏ ప్రశ్నను ఏ భాషలో అడగాలో ఎంచుకోవడమే అక్కడ సగం జర్నలిజం. ఆ ఎంపికకు విలువ కట్టే సంస్థ అరుదు. పారితోషికం అచ్చయిన ఇంగ్లిష్ పదాలను బట్టి వస్తుంది. నాందే సంభాషణను రాత్రంతా విని రాసుకున్న గంటలు ఏ లెక్కలోకీ రావు. విదేశీ విలేకరి వెంట వెళితే ఇచ్చేది రోజు కూలి, పేరు ఫిక్సర్. మనుషులను వెతికి, ఒప్పించి, మాట్లాడించిన మనిషి పేరు చాలాసార్లు కథనం కింద కూడా కనిపించదు.

భాషను పట్టించుకోకపోతే వచ్చే నష్టం వృత్తితో ఆగదు. 2018 ఆగస్టు నుంచి 2020 జూన్ వరకు అదే తూర్పు కాంగోలో ఎబోలా 2,280 మందికి పైగా ప్రాణాలు తీసింది. జాగ్రత్తలు చెప్పే సందేశాలు చాలావరకు ఫ్రెంచ్‌లో, పుస్తకాల స్వాహిలిలో వచ్చాయి. అవి అర్థం కాని జనంలో అనుమానాలు పెరిగాయి. ఆ ఖాళీని పూడ్చింది ఊళ్లలోని రేడియో విలేకరులు. ఇటూరి ప్రాంతంలోని ల్వెంబాలో ఎబోలాపై కార్యక్రమం నడిపిన పాపీ మహాంబాను 2019 నవంబరులో ఇంట్లోనే చంపేశారు. అంతకుముందు తూర్పు కాంగోలోనే బుకావు నగరంలో రేడియో ఒకాపి విలేకరులు సెర్జ్ మహేషే 2007లో, డిడాస్ నాముజింబో 2008లో హత్యకు గురయ్యారు. ఫ్రెంచ్‌తో పాటు నాలుగు జాతీయ భాషల్లోనూ వార్తలు వినిపించే రేడియో అది.

స్థానిక విలేకరి ఏదో ఒక పక్షం వహిస్తాడని, విదేశీయుడే నిష్పక్షపాతి అని ఒక వాదన ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. టిగ్రాయ్ యుద్ధకాలంలో అమ్హారిక్ మాట్లాడేవాళ్లూ టిగ్రిన్యా మాట్లాడేవాళ్లూ ఒకే ఘటనను వేరువేరుగా చెప్పారు. అయితే దానికి విరుగుడు రెండు భాషల వాళ్లనూ పనిలోకి తీసుకుని ఒకరి సమాచారాన్ని మరొకరితో సరిచూడడం. ఏ భాషా రానివాడికి పగ్గాలు అప్పగిస్తే నిష్పాక్షికత రాదు. అతడు కూడా ఎవరో ఒక అనువాదకుడి మాటే నమ్మాలి కదా!

స్థానిక భాషలో రాసేవాడికి కాపలా మరీ తక్కువ. టాంజానియాలో స్వాహిలి పత్రిక ‘మ్వనాంచి’కి ఫ్రీలాన్సర్‌గా పనిచేసిన అజోరీ గ్వాండా, కిబితి ప్రాంతంలో వరుస హత్యల గురించి రాస్తూ 2017 నవంబరులో అదృశ్యమయ్యాడు. కామెరూన్‌లో, ఇంగ్లిష్ స్థానిక భాషలతో కలిసి ఏర్పడిన పిడ్జిన్‌లో కార్యక్రమాలు చేసిన శామ్యూల్ వాజిజీని 2019 ఆగస్టులో అరెస్టు చేశారు. నిర్బంధంలోనే చనిపోయాడన్న సంగతి అధికారికంగా బయటపడింది 2020 జూన్‌లో. అతని భాష అంతర్జాతీయ సంపాదకులు చదివేదే అయితే అన్ని నెలల మౌనం సాధ్యమయ్యేదా?

పరిస్థితి మారదని నేను అనుకోను. 2016లో బీబీసీ ప్రకటించిన విస్తరణలో అమ్హారిక్, ఒరోమో, టిగ్రిన్యా, ఇగ్బో, యొరుబా, పిడ్జిన్ ఉన్నాయి. అదే జాబితాలో మన తెలుగూ ఉంది. ఒక భాషకు శాశ్వత విభాగం ఏర్పడితే, నిన్నటి అనువాదకుడు ఇవాళ జీతం, బీమా, బైలైన్ (కథనంపై తన పేరు) ఉన్న విలేకరి అవుతాడు. ఆ ఆసరా మరో దేశపు ఖజానాపై ఆధారపడటమే బలహీనత. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వం తన నిధులతో నడిచే ప్రసార సంస్థ వాయిస్ ఆఫ్ అమెరికాను మూసే దిశగా అడుగు వేసినప్పుడు హౌసా, స్వాహిలి, సోమాలి వంటి సేవలకు దెబ్బ తగిలింది. మొదట రోడ్డున పడింది ఒప్పందాలపై పనిచేసేవాళ్లే.

తెలుగు పాఠకులకు ఈ కథ అపరిచితం కాదు. మన జిల్లా పేజీలను నింపేది మండల విలేకరులు. జీతమంటూ లేకుండా, అచ్చయిన లైన్ల లెక్కన డబ్బు తీసుకుంటూ, ఇసుక రవాణా గురించి రాస్తే దెబ్బలు తినేది వాళ్లే. ఆ అనుభవం ఉన్న మన పత్రికలు ఆఫ్రికా విషయంలో మాత్రం వార్తాసంస్థలు అందరికీ పంపే ఏజెన్సీ కాపీతో సరిపెట్టుకుంటాయి. సైనిక తిరుగుబాటో, అంటువ్యాధో, అక్కడ చిక్కుకున్న తెలుగువాళ్లో ఉంటే తప్ప ఆ ఖండం మన పేజీల్లోకి రాదు. ఏజెన్సీ కాపీని రాత్రికి రాత్రి తెలుగు చేసే నేర్పు మన డెస్కుల్లో దండిగా ఉంది. నైరోబీలోనో లాగోస్‌లోనో ఉన్న ఫ్రీలాన్సర్ నుంచి నెలకు ఒకటైనా కథనాన్ని నేరుగా కొనవచ్చు. రచయిత పేరుతో పాటు, అక్కడ మాట సేకరించిన మనిషి పేరునూ, అతనికి అభ్యంతరం లేకపోతే, పైనే వేయవచ్చు. భాషా పనికి విడిగా డబ్బు, సిబ్బందికి ఇచ్చే బీమాయే అతనికీ, ప్రమాదం వస్తే దేశం దాటడానికి సహాయం: ఈ మూడింటినీ ఒప్పందంలో రాసుకోనిదే కథనం తీసుకోకూడదని హైదరాబాద్, విజయవాడ డెస్కులు నియమం పెట్టుకోవడానికి లండన్, పారిస్ దాకా ఎవరినీ అడగనక్కర లేదు.